తెనాలి కొర్రమీను నడుము కొలత

మా అమ్మకి మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. తెనాలిలో మా ఇంటి వీధిగదిలో మిషను వేసుకుని నలభై ఏళ్ళుగా ఆడవాళ్ళ జాకెట్లు కుడుతోంది. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్ళు వరసగా నిలబడితే చాలు, "ఆ మూడో ఆవిడ ముప్పైనాలుగు ఉండేది, ఒళ్ళు చేసిందే, ముప్పయ్యారు పెట్టాలి" అని సరిగ్గా ప్రార్థన మధ్యలో నా చెవిలో ఊదుతుంది. అలాంటి మనిషిని నేను చేపల దగ్గరికి రానిచ్చాను. తప్పంతా నాదే. ఆ తప్పుతో నా ఎనిమిదేళ్ళ చదువు గంగలో కలిసిపోబోయింది.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను, కాంట్రాక్టు మీద. డాక్టరేటు లేకపోతే వచ్చే ఏడాది కొనసాగించడం కష్టమని మా ప్రిన్సిపల్‌గారు మర్యాదగా చెప్పారు. యూనివర్సిటీవాళ్ళు ఆ మర్యాద కూడా లేకుండా ఉత్తరం రాశారు. ఇదే ఆఖరి గడువు, జూన్ నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. నలభై దాటాక ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, పాలు తీసినప్పుడల్లా ఒకసారి చదువుకుని భయపడేదాన్ని.

థీసిస్ ప్రశ్న చిన్నదే. తెనాలి, బాపట్ల, రేపల్లె కొర్రమీనులు ఒకటేనా, వేరువేరా? మూడు ఊళ్ళలో ఎవర్నడిగినా జవాబు రెడీగా ఉంటుంది. మా కొర్రమీనే కొర్రమీను, పక్క ఊరిది నీళ్ళపాము. ఈ మాట మూడు ఊళ్ళలోనూ ఒకే నమ్మకంతో చెబుతారు. దాన్ని నేను లెక్కలతో తేల్చాలి. చేప పొడవు, నడుము చుట్టుకొలత, పక్కన పొలుసులెన్ని, రెక్కలో ముళ్ళెన్ని ఇవన్నీ పై లెక్కలు. రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి స్పిరిట్ సీసాలో వేసి ల్యాబుకి పంపితే, వాళ్ళు జన్యువులు చూసి చెప్పేది లోపలి లెక్క. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే ఇంకా సంతోషం అంటారు మా గైడుగారు. ఆయనకేం, ఎన్నయినా అంటారు.

చెరువుల్లో పెంచినవి పనికిరావు, వాటంతటవే పుట్టి పెరిగినవి కావాలి. అందుకని సొంత చేతులతో పట్టేవాళ్ళనే వెతుక్కున్నాను. బాపట్ల చేపలు సూర్యలంక దారిలో ఇసకలో తవ్వుకున్న దొరువుల్లోంచి వచ్చాయి. దొరువంటే తోటలకి నీళ్ళు పోసుకోవడానికి తవ్వే గుంట. ఏ కాలువతోనూ సంబంధం లేదు, ఏ దొరువు చేప ఆ దొరువులోనే. ఇసక రంగులో తెల్లగా మిలమిలలాడుతుంటే చూసి, "ఇది వేరే జాతే!" అని ఎగిరి గంతేశాను. రెండింటిని ఇంటికి తెచ్చి బట్టలు నానబెట్టే నల్ల టబ్బులో వేశాను. మర్నాడు చూస్తే రెండూ రేపల్లె నల్లరేగడి చేపల్లా నల్లగా ఉన్నాయి.

అమ్మ టబ్బులోకి వంగి చూసి, "ఓసి దీని తెలివి తగలెయ్య! మ్యాచింగ్ చూసుకుంటోందే!" అంది.

రంగు లెక్కలోంచి అలా పోయింది. బరువు అంతకుముందే పోయింది. కాటా కొన్న వారానికే, దాని మీద పెట్టిన చేప తోకతో ఒక్కటిస్తే చేపా కాటా కలిసి కిందపడ్డాయి, చేపకేం కాలేదు. ఇక మిగిలింది పొడవు, నడుము. పొడవుకి గీతలు గీసిన చెక్క ఉంది. నడుముకి టేపు.

రేపల్లె బజార్లో చేపలమ్మే ఒక పిన్ని ఉంది. వాళ్ళాయన పొలాల మధ్య మురుగు కాలవల్లో పట్టుకొస్తాడు, ఆవిడ బుట్ట ముందు కూచుని బూడిద రుద్ది అమ్ముతుంది. నేను వెళ్ళి ఆవిడ చేపల్ని ఒక్కొక్కటే కొలిచి, గోరంత రెక్క కత్తిరించుకుని, మళ్ళీ ఆవిడ గంగాళంలోనే వేసేదాన్ని.

"ఏంటమ్మాయ్, చేపకి టేపేంటి? పెళ్ళి జాకెట్టేమన్నా కుట్టిస్తన్నావా?" అని బజారంతా వినేట్టు అడిగింది మొదటిరోజు.

"మీ చేపా మా చేపా ఒకటేనా అని చూస్తున్నా పిన్నీ."

"ఒకటెట్టా అవుద్దమ్మా! మా రేపల్లె కొర్రమీను ముందు మీ తెనాలిదొక చేపా?"

రేపల్లె కోటా పూర్తయిన రోజు ఆవిడ ముచ్చటపడి రెండు చేపలు బకెట్లో వేసి ఇచ్చింది. తెనాలి బండెక్కాను. భట్టిప్రోలు దాటాక ఒక చేప బకెట్లోంచి ఎగిరి, ఎదురు సీట్లో కునుకు తీస్తున్న పెద్దాయన ఒళ్ళో పడింది. పెట్టె పెట్టంతా లేచి నిలబడింది. సాయం చేసినవాళ్ళు తక్కువ, "ఒడిసి పట్టండి", "తల పట్టండి", "తోక పట్టండి" అని సలహాలిచ్చినవాళ్ళు ఎక్కువ. ఆ గొడవలో సగం నీళ్ళు నా కాళ్ళ దగ్గరే పారాయి. తెనాలిలో దిగుతూ ఆ తడి చెప్పులతోనే ప్లాట్‌ఫారం మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు కట్టారు.

తెనాలి చేపలు ఒక్కటి కూడా కొలవలేదు. గడువుకి నాలుగు నెలలే ఉంది. మంచం మీద కూచుని ఏడుస్తుంటే అమ్మ మిషను ఆపి వచ్చింది.

"ఏంటే ఆ ఏడుపు? చెయ్యి విరిగింది నీది, నాది కాదుగా. చేపని కొలవడమేగా?"

"నీకు రాదమ్మా, అది సైన్సు."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ మెడలో టేపు తీసి నా ముఖం ముందు ఆడించింది. "టేపు పట్టడం నాకు నేర్పుతావంటే నువ్వు? నలభై ఏళ్ళలో ఒక్క జాకెట్టు తిరిగొచ్చిందేమో ఎవర్నన్నా అడుగు!"

తిరిగి రాలేదు, నిజమే. మర్నాటినుంచి పంటకాలవల్లో పట్టిన చేపలు మా పెరట్లోకి రావడం మొదలుపెట్టాయి. అమ్మ చీర చెంగు దోపుకుని, తడి గోనెపట్టా మీద చేపని పడుకోబెట్టి, దాని కళ్ళ మీద తడిగుడ్డ కప్పేది. "కదలకమ్మా, ఒక్క నిమిషం, అయిపోయింది" అని బుజ్జగించేది. నన్ను చిన్నప్పుడు కూడా ఇంత ముద్దుగా బుజ్జగించిన గుర్తు లేదు. నా చేతిలో పాములా మెలికలు తిరిగిన చేప ఆమె చేతిలో బుద్ధిగా పడుకునేది. నా ఎడమచేతి రాత నాకే అర్థంకాక, అమ్మే జాకెట్ల పుస్తకంలో రాసింది. ఒక పేజీలో వెనకవీధి టీచరుగారి కొలతలు, పక్క పేజీలో పద్నాలుగో నంబరు కొర్రమీను కొలతలు. రెక్క ముక్కలు కూడా తనే కత్తిరించింది, జిగ్‌జాగ్ కత్తెర వద్దంటే అలిగింది. కొలిచిన చేపల్లో కొన్నిటిని కాలవలో వదిలాం, మిగిలినవి ఏమయ్యాయని నన్ను అడక్కండి. ఆ నెలంతా మా వీధి వీధి పులుసు వాసన వేసింది.

కట్టు విప్పాక అంకెలన్నీ కంప్యూటర్లో పెట్టాను. గీతల పటం రాగానే కుర్చీలోంచి లేచిపోయాను. మూడు ఊళ్ళ చేపలకీ పొడవు ఇంచుమించు ఒకటే. నడుము మాత్రం తెనాలివాటికి లావు! ఎక్కడో ఒకటీ అరా కాదు, ప్రతి చేపా లావే. పటం చూసి గైడుగారు ఫోన్లోనే చప్పట్లు కొట్టారు. "పారే నీళ్ళమ్మా! తెనాలి కాలవల్లో నీటికీ తిండికీ లోటు లేదు. రేపల్లె అంటే కాలవ చివరి భూములు, ఇక బాపట్ల దొరువుల్లో ఏముంటుంది? ఇదే నీ థీసిస్‌కి ప్రాణం" అన్నారు. ఆయన చెప్పిందంతా ఒక అధ్యాయంగా రాసిపారేశాను. అమ్మ అయితే ఆది జాకెట్టు ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరికీ, "మా అమ్మాయి తేల్చింది, మన నీళ్ళు తాగితే చేప కూడా ఒళ్ళు చేస్తుందంట" అని చెప్పింది. వాళ్ళలో లావుపాటి ఆవిడొకరు చాలా ఊరట పొందారు.

రేపల్లె పిన్నికి ఈ ముక్క చెప్పడం నా బుద్ధితక్కువ. "ఏడిసినట్టుంది! మా చేప బక్కదా?" అని లేచి, బుట్టలోంచి ఒకదాన్ని పట్టి నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడు, ఏడ బక్కగుందో చూపిచ్చు! నీ టేపులో ఉంది దోషం, మా చేపలో లేదు. ఇంకెప్పుడూ నా బుట్ట ముట్టుకోబాక!"

నేను నవ్వుకుంటూ వచ్చేశాను. చదువుకున్నదాన్ని కదా.

మే నెలలో ల్యాబు నుంచి జన్యువుల పటం వచ్చింది. చేపకొక నిలువు గీత, గీతలో రంగులు. తెనాలి, రేపల్లె గీతలన్నీ నీలంలో ఒకేలా కలిసిపోయాయి. ఒకే కాలవల నీళ్ళు, వానల్లో ఇటు చేప అటు పోతుంది, అవి రెండూ ఒకే కుటుంబం. బాపట్ల దొరువులవి మాత్రం వేరుగా, ఎర్రగా నిలబడ్డాయి. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, "ఏ చీర అంచే ఇది? ఆ ఎర్రముక్క అతుకేశారే" అంది. ఆవిడకి తెలియకుండానే మొత్తం చెప్పేసింది. తెనాలి, రేపల్లె చేపలు లోపల ఒకటే అయినా పైకి వేరు కాబట్టి, అదంతా నీటి మహిమేనని గైడుగారు ఇంకా పొంగిపోయారు. లావు అధ్యాయం ఇంకో పది పేజీలు పెరిగింది. జూన్ వచ్చింది. ఇక బైండింగ్ ఒక్కటే మిగిలింది.

గడువు మూడు వారాల్లోకి వచ్చాక ఒక సాయంత్రం అమ్మ, "వైవాకి వేసుకోవడానికి నీకు కొత్త జాకెట్టు కుడతా, ఇటు రా" అని పిలిచింది. అద్దం ముందు నిలబడ్డాను. టేపు నా ఛాతీ చుట్టూ తిప్పింది. నేను అద్దంలో ఊరికే చూస్తున్నాను. టేపు కొసలు కలిపే ముందు అమ్మ ఎడమచేతి రెండు వేళ్ళు టేపు కిందికి దూరాయి. చూపుడువేలు, మధ్యవేలు. వాటి మీదుగా టేపు బిగించి, అంకె చదివి, వేళ్ళు తీసేసింది.

గిరుక్కున వెనక్కి తిరిగాను.

"అమ్మా, ఆ వేళ్ళేంటి?"

"ఏ వేళ్ళు?"

"టేపు కింద పెట్టావే, ఆ వేళ్ళు!"

"లూజుకే. ఎప్పుడూ పెడతాగా."

"చేపలకి కూడా పెట్టావా?"

అమ్మ నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పెట్టకుండా ఎట్టా కొలుస్తారే?"

నేను అరిచిన అరుపులకి ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. ఏమేమన్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. నా ఉద్యోగం పోయిందన్నాను, నా బతుకు బుగ్గి చేశావన్నాను, చేపకి జాకెట్టు కుడతావా అన్నాను. తెనాలి నీళ్ళూ లేవు, మహిమా లేదు. ఉన్నవల్లా మా అమ్మ రెండు వేళ్ళు. ప్రతి తెనాలి చేప నడుములోనూ అవి ఉన్నాయి. వాటి మీద నేను ఒక అధ్యాయం రాశాను.

అమ్మ టేపు చుట్ట చుట్టి మిషను సొరుగులో పెట్టింది. మెడలో టేపు లేకుండా అమ్మని చూడటం నాకు అదే మొదటిసారి. ఆ మెడ అంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు. నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

పొద్దున్నే వేరే ఆలోచన మొదలైంది. ఎవరికి తెలుస్తుంది? ఆ చేపలు లేవు. గైడుగారు సంతోషంగా ఉన్నారు. అధ్యాయం చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. నోరు మూసుకుని బైండింగ్‌కి ఇచ్చేస్తే డాక్టరేటు, ఉద్యోగం రెండూ దక్కుతాయి. ఈ మాటే అమ్మతో అన్నాను, క్షమాపణ అడిగే పద్ధతి తెలియక.

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "తప్పు కుట్టినట్టు మనకి తెలిశాక జాకెట్టు ఇచ్చి పంపేస్తామా? కుట్లు విప్పాలి."

"ఎట్లా విప్పుతాం? ఆ చేపలు లేవుగా!"

"చేపలు లేకపోతే నా వేళ్ళు లేవా? చేపలు తెచ్చుకో. ఒక్కోదాన్ని రెండుసార్లు కొలుస్తా, వేళ్ళు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. తేడా ఎంతో నువ్వే రాసుకో."

అది నాకు తట్టాల్సిన మాట. ఎనిమిదేళ్ళ నుంచి సైన్సు చదువుతున్నది నేను.

తెనాలి చేపలు దొరికాయి. రేపల్లెవి కూడా పక్కన పెట్టి చూడాలనిపించి, సిగ్గు విడిచి పిన్ని దగ్గరికి వెళ్ళాను. జరిగింది విని ఆవిడ బుట్ట మీద పడి నవ్వింది. "నే చెప్పలా, టేపులోనే ఉందని! తీసకపో, కానీ మీ అమ్మతో చెప్పు, మా చేపక్కూడా రెండు వేళ్ళు ఇవ్వమని. వాటికొకటి, వీటికొకటి న్యాయమేనా?"

రెండు రోజులు పెరట్లో కొలిచాం. వేళ్ళతో, వేళ్ళు లేకుండా. చేప చిన్నదైనా పెద్దదైనా, తెనాలిదైనా రేపల్లెదైనా, అమ్మ వేళ్ళ తేడా మారలేదు. దారప్పోగంత కూడా అటూ ఇటూ కాలేదు. అనుమానం వచ్చి అవే చేపల్ని నేనూ రెండేసిసార్లు కొలిచాను. నా మొదటి కొలతకీ రెండో కొలతకీ పొత్తు కుదరలేదు. అమ్మ పక్కనుంచి చూసి, తిరగబడ్డ నా టేపు కొస సరిచేసి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

పాత పుస్తకంలోని ప్రతి తెనాలి చేప నడుములోంచీ అమ్మ వేళ్ళు తీసేశాను. పటం మళ్ళీ గీస్తే తెనాలి చేపలు చక్కగా దిగొచ్చి రేపల్లె చేపల్లో కలిసిపోయాయి. ఆ రెండు ఊళ్ళ చేపల గురించి పై లెక్క, లోపలి లెక్క ఒకటే మాట చెప్పాయి. లావు అధ్యాయం మొత్తం కొట్టేశాను. దాని బదులు ఒక పేరా రాశాను. తెనాలి చేపల్ని కొలిచిన వ్యక్తి వృత్తిరీత్యా దర్జీ అనీ, అలవాటుగా రెండు వేళ్ళ వదులు ఉంచారనీ, దాన్ని ఇలా కొలిచి తీసేశామనీ. గైడుగారు రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, "ఆ దర్జీ ముక్క తీసెయ్యమ్మా, నవ్వుతారు" అన్నారు. "లేదండి, ఉంచుతాను" అన్నాను. ఆయన గొణుక్కున్నా సంతకం మాత్రం పెట్టారు. గడువు ఆఖరి రోజున ఆఫీసు మూసే ముందు థీసిస్ ఇచ్చాను.

వైవా రోజున అమ్మ కూడా వస్తానంది. ఆ మధ్యే సొరుగులోంచి టేపు మళ్ళీ మెడలోకి వచ్చింది, హాల్లోకి కూడా దానితోనే వచ్చి వెనక వరసలో కూచుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, ముఖంలో నవ్వనేది లేదు. పొలుసులడిగారు, జన్యువులడిగారు, దొరువుల గురించి అరగంట అడిగారు. అన్నిటికీ చెప్పాను. తర్వాత పేజీ తిప్పి ఆగారు.

"ఈ దర్జీ ఎవరండి?"

హాల్లో కిసుక్కుమన్నారు. అంతా ఇక్కడే పోయిందనుకున్నాను. ఎనిమిదేళ్ళు, ఉద్యోగం, ఫ్రిజ్ మీది ఉత్తరం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి కుర్చీ చప్పుడైంది.

"నేనేనండి" అంది అమ్మ, లేచి నిలబడి.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు. "చేపకి రెండు వేళ్ళు లూజు ఎందుకు పెట్టారమ్మా?"

"ఊపిరి తీసుకోవద్దాండీ?" అంది అమ్మ, అందులో అడగడానికేముందన్నట్టు. "బిగించి కొలిస్తే నిలబడ్డంతసేపూ బాగానే ఉంటదండి. ఊపిరి పీల్చినప్పుడే తెలుస్తది. చేపైనా అంతే, నా చేతిలో ఎగపీలుస్తానే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన మిగతావాళ్ళ వైపు తిరిగి, "కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళం మనం, దాన్ని కొలిచేటప్పుడు ఎవరం గుర్తుపెట్టుకోం" అన్నారు. థీసిస్ మూసేశారు. "తప్పు ఎక్కడుందో, ఎంతుందో అంగుళాల్లో చూపించిన థీసిస్ నేనింతవరకూ చూడలేదు. నాకిక ప్రశ్నలు లేవండి."

మమ్మల్ని వరండాలో కూచోబెట్టి, పది నిమిషాల తర్వాత పిలిచి చెప్పారు. డాక్టరేటు వచ్చింది. మళ్ళీ వరండాలోకి వచ్చి, స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఎన్నాళ్ళనుంచి బిగబట్టానో, నిండా ఊపిరి పీల్చాను. కొత్త జాకెట్టు ఎక్కడా బిగుతనిపించలేదు. అద్దం ముందు ఆ సాయంత్రం నేనన్న మాటలన్నీ విన్నాక కూడా, ఆ రెండు వేళ్ళ చోటు తగ్గించకుండానే కుట్టింది మా అమ్మ.

"అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

అమ్మ నా భుజం దగ్గర కుట్టు సర్దుతూ, "ఇంకాస్త పీల్చవే, ఇంకా చోటుంది" అంది.